సరస్సుకి తాళం వేసినాయన

తాళాలాయన ఇంట్లో తాళం లేనిదంటూ ఒక్కటే ఉండేది, అది ఆయన అత్తగారి నోరు. వీలుంటే దానికీ ఒకటి బిగించేవాడేగానీ, ఆవిడ బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించేలా మాట్లాడటం ఆవిడకు ఉద్యోగం నేర్పిన విద్య. మిగతావాటన్నిటికీ తాళాలే. వీధి తలుపుకి, పెరటి తలుపుకి, కిటికీలకి, సైకిలుకి, ఆఖరికి చక్కెర డబ్బా పెట్టే అలమారకి కూడా. చెప్పుల షాపుకీ ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఆయన కొట్లో నిలబడి చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. ఆ గోడల నిండా పైనుంచి కిందిదాకా తాళంచెవులే వేలాడుతుంటాయి.

పిసినారితనం అనుకునేరు. కాదు, భయం. దొంగలు పడిన ఇంటికి పోలీసుల తరవాత వెళ్లేది తాళాలు బాగుచేసేవాడే. విరిగిన తలుపు దగ్గర కూర్చుని కొత్త తాళం బిగిస్తుంటే, లోపల ఆ ఇంటివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం చెవినపడుతుంది. ఏళ్ల తరబడి ఆ మాటలు విన్నవాడికి లోకమంతా దొంగ తోసిన తలుపులాగే కనిపిస్తుంది మరి. ఆయన్ని తప్పుపట్టి ఏం లాభం.

ఆ భయమంతా పోగుపడి ఒక్కగానొక్క కూతురి నెత్తిన పడింది. బడిలో ఏ పేరైనా, ఇంట్లో మాత్రం ఆ పిల్ల పిట్ట. పదమూడేళ్లు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ దానికి అడగటమే పని. "నాన్నా, మేడ మీదికి వెళ్లనా? నాన్నా, ఆ కుక్కని ముట్టుకోనా? నాన్నా, ఈ తాళం ఊడదీసి చూడనా?" పొద్దస్తమానం ఇదే గోల. ఆయన అన్నిటికీ "వద్దు" అనేవాడు. అయినా అది అడుగుతూనే ఉండేది.

పోయిన నెలలో స్నేహితురాలి ఇంట్లో ఒక రాత్రి పడుకుంటానని అడిగింది. తల్లి కళ్లెర్రజేస్తే ఎట్టకేలకు "సరే" అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా? భోజనాల వేళకల్లా ఆ ఇంటి గేటు ముందు ప్రత్యక్షమయ్యాడు. పెరటి తలుపు తాళం పట్టి లాగి చూసి, "ఇదేం తాళమండీ, పిన్నీసు పెట్టి తిప్పినా వచ్చేస్తుంది" అని ఆ ఇంటాయనకు ఉపన్యాసం ఇచ్చి, తోటి పిల్లలంతా నోళ్లు తెరుచుకుని చూస్తుండగా కూతుర్ని వెంటబెట్టుకొచ్చేశాడు.

పిట్ట ఏడవలేదు, అలగలేదు, తిండి మానలేదు. అడగటం మానేసింది, అంతే. ఆయన కొట్టునుంచి రాగానే మంచినీళ్లు ఇస్తుంది, తన గదిలోకి వెళ్లిపోతుంది. "ఏమైనా కావాలా తల్లీ?" అంటే "ఏం వద్దు నాన్నా" అంటుంది. పిల్లకు బుద్ధొచ్చిందని మొదట్లో సంతోషించాడు మహానుభావుడు. వారం తిరిగేసరికి ఇంట్లో ఏదో పోయినట్టు అనిపించింది. ఆ పోయినదేమిటో తెలిసేసరికి ముద్ద గొంతు దిగడం మానేసింది.

భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుంటుంది. ఒకరోజు ఆయన మిషను పక్కన కూలబడి, "ఎందుకే అది నన్నేమీ అడగదు?" అన్నాడు.

"అడిగి వద్దనిపించుకోవడం కంటే అడక్కపోవడమే సుఖమని తెలుసుకుంది. ఇవాళ అడగదు. రేపు చెప్పకుండా వెళ్లడం నేర్చుకుంటుంది. మీకు దొంగల భయం, నాకు ఆ భయం" అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ మాట ఆయనకు సూటిగా తగిలింది. అత్తగారు ఎప్పట్నుంచో "సరస్సు దగ్గర గుడారాలేసుకుని ఉండొచ్చట, పడవలు కూడా ఉన్నాయట" అని నస పెడుతుంటే వినిపించుకోని మనిషి, మర్నాడే కొట్టుకి సెలవని అట్ట వేలాడదీశాడు. పనిముట్ల పెట్టె మాత్రం వెంట తెచ్చుకున్నాడు. కుక్క తోక వంకరంటారు, అదీ అంతే.

బస్సు ఆఖరి మలుపు తిరిగేసరికి సరస్సు కనిపించింది. ఆయన అత్తగారితో ఏదో వాదిస్తున్నవాడల్లా సగంలో ఆగిపోయాడు.

పార్కులో కొలనులాంటిది, చుట్టూ కమ్మీలు, ఒక గేటు, గేటు పక్కన కాపలావాడు, ఇదీ ఆయన ఊహించుకొచ్చింది. ఇక్కడ కమ్మీల్లేవు, గేటు లేదు. కొండలు వచ్చి నీళ్లలో దిగి నిలబడ్డాయి. కొండల కింద మళ్లీ తలకిందులుగా కొండలు. ఒక మబ్బు నీడ ఆ చివరనుంచి తీరిగ్గా నడుచుకుంటూ వస్తుంటే, అది ఈ ఒడ్డుకి చేరేలోపు బస్సు దిగడం, సామాన్లు దింపడం, అత్తగారు కండక్టరుకి టికెట్లు కొట్టడం గురించి సలహా ఇవ్వడం అన్నీ అయిపోయాయి. నీడ ఇంకా నీళ్లమీదే ఉంది.

"ఇంత పెద్దదాన్ని ఇలా తెరిచిపెట్టి వదిలేశారా" అన్నాడు తాళాలాయన, చాలాసేపటికి.

"మూత పెట్టమంటారా అల్లుడుగారూ" అంది అత్తగారు.

ఆయనకు కోపం రాలేదు. చేతిలో పెట్టె ఉన్న సంగతి కూడా మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. భార్య వచ్చి మోచెయ్యి పట్టుకుని గుడారాల వైపు నడిపించింది.

గడ్డి మైదానంలో చెట్లకింద గుడారాలు వేసి ఉన్నాయి. నీళ్ల కుళాయి, వంట చేసుకోవడానికి ఇనప చట్రాలు, బట్టలారేసుకునే తీగ. ఎవరి గుడారం ముందు వాళ్ల చెప్పులు, బంతులు, కుర్చీలు పడేసి ఉన్నాయి. ఎవరూ దేన్నీ కాపలా కాయడం లేదు. ఆయన తమ గుడారం తలుపు వెతికితే దొరికింది ఒక జిప్పు. జిప్పు కుట్టు బాగుందని భార్య మెచ్చుకుంటోంది. ఆయన పెట్టె తెరిచి, జిప్పు కొక్కేల్లో దూరేంత బుల్లి తాళం ఏరుతున్నాడు.

అత్తగారు అది చూసింది. మెడలో తాడుకి వేలాడే కండక్టరు విజిల్ చేతిలోకి తీసుకుని, "నన్ను లోపల పెట్టి తాళం వేశారంటే, దీన్ని ఊది క్యాంపు మొత్తాన్ని ఇక్కడ నిలబెడతాను" అంది. బుల్లి తాళం నోరు మూసుకుని పెట్టెలోకి వెళ్లిపోయింది.

మైదానం చివర, సిమెంటు మెట్ల కింద పడవల రేవు. పెద్ద తెల్ల బోట్లు నీళ్లమీద తేలే చెక్క వేదికలకు కట్టి ఉన్నాయి. వాటి ఎత్తయిన కర్రలకు గాలి తగిలి తాళ్లు టక్‌టక్‌మని కొట్టుకుంటున్నాయి. అద్దెకిచ్చే చిన్న తెడ్ల పడవలు మెట్ల పక్కన వరసగా పాతిన ఇనప గుంజలకు కట్టేసి ఉన్నాయి. రేవు చూసుకునే ఆవిడను అందరూ అక్క అంటారు. ఎండలో కాగిన ముఖం, పొదుపైన మాట. ఆవిడ పిట్టకు లైఫ్‌జాకెట్ తొడిగి, తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి, తెడ్డు ఎలా ముంచాలో ఎలా లాగాలో ఒక్కసారి చూపించింది. ఈత పిట్టకు ముందే వచ్చు, అక్క మెట్ల దగ్గర ఈదించి చూసింది కూడా. అమ్మమ్మే తండ్రికి చెప్పకుండా బడి ఈతకొలనులో చేర్పించి, నేర్చుకోవడం అయ్యాక చెప్పింది. సాయంత్రానికల్లా తెడ్లు పిల్ల చేతుల్లో సొంత చేతుల్లా ఆడాయి. పడవ మెత్తగా జారిపోతుంటే వెనక నీళ్లమీద పొడవాటి గీత పడి, విచ్చుకుని, కలిసిపోయేది. ఒడ్డునుంచి చూస్తున్న తాళాలాయనకు భయమూ వేసింది, కూతురింత అందంగా ఒక పని చేయగలదా అని ఒళ్లూ పులకరించింది.

పడవ దిగాక అది ఈసారి తప్పకుండా అడుగుతుందనుకున్నాడు. "రేపు ఒక్కదాన్నే వెళ్లనా నాన్నా" అంటుంది. "సరే" అనాలి. మనసులో పదిసార్లు అనుకుని చూసుకున్నాడు. చివరికి గొంతు కూడా సవరించుకున్నాడు.

పిట్ట అడగలేదు. మెట్లమీద కూర్చుని, మోకాళ్లమీద గడ్డం ఆనించి, నీళ్ల చివర కొండలు ఒకదానివెనక ఒకటి నీలంగా, ఇంకా లేతనీలంగా, ఆఖరికి ఆకాశమే అయిపోయే చోటు వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూసి ఆయనకు భయం పట్టుకుంది. ఇది అడగదు, తెల్లారి ఎవరూ లేవకముందే చెప్పకుండా పడవ తీసుకుని వెళ్లిపోతుంది. మిషను పక్కన భార్య అన్న మాట చెవిలో గింగురుమంది.

అప్పుడు మన తాళాలాయన ఏం చేశాడో వినండి. వాళ్లు గుడారానికి వెళ్లాక పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు. రెండో రోజుకి కూడా మాట్లాడుకున్న పడవ గుంజకు తాడుతో కట్టి ఉంది. తాడేమో బోలెడంత వదులు.

"తాడు పొడుగ్గానే ఉండనీండి. రాత్రి నీళ్లొస్తాయి" అంది అక్క, బకెట్లు సర్దుకుంటూ.

ఆయన తల ఊపాడు. సరస్సు నిండా ఉన్నవి నీళ్లేగా, కొత్తగా వచ్చేదేమిటి అనుకున్నాడు. పట్నంలో పుట్టి పెరిగినవాడికి నీళ్లంటే కుళాయిలో వస్తాయిగానీ సరస్సులోకి ఎందుకొస్తాయి? తాడుని అక్క చెప్పినట్టే పొడుగ్గా వదిలేశాడు. అది తాడు సంగతి. ఆవిడ అటు వెళ్లాక, పెట్టెలోంచి తన కొట్లోకెల్లా గట్టి గొలుసు తీసి, పడవ ముక్కుకున్న కడియాన్నీ గుంజకు నీటిమట్టం దగ్గరున్న కడియాన్నీ కలిపి, వేలు కూడా దూరనంత బిగించి, తాళం వేశాడు. లాగి చూశాడు. పడవ కాస్తయినా కదల్లేదు. ఆ రోజుకి ఆయనకు మొదటిసారి మనసు కుదుటపడింది. గుడారానికి వెళ్లి, జిప్పుకి అడ్డంగా కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. పక్కన పిట్ట లేదు. దుప్పటి చల్లబడి ఉంది.

చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. మైదానం దాటి, నిన్న మెట్లు మొదలైన చోటికి వచ్చి, టక్కున ఆగిపోయాడు.

మెట్లు లేవు. నిన్న పిల్లలు బంతాట ఆడుకున్న గట్టు లేదు, అత్తగారు కాళ్లు చాపుకున్న బండ లేదు. నీళ్లు గడ్డి అంచుదాకా వచ్చి ఆయన వేళ్ల ముందు ఆగి ఉన్నాయి. రాత్రంతా ఒక్క చప్పుడు లేదు, ఒక కుక్క మొరగలేదు, ఒక తలుపు కిర్రుమనలేదు. ఇంతటి సరస్సు, ఆ కొండ మొదలునుంచి ఈ కొండ మొదలుదాకా, మనిషి నిలువెత్తున లేచి కూర్చుంది. గడ్డిపోచలు నీళ్లలోపల నిటారుగా నిలబడి మెల్లగా ఊగుతున్నాయి. పైన పల్చటి పొగమంచు. తెల్ల బోట్లు, వేదికలు, వాటిమీద నిన్న ఎవరో మరిచిపోయిన కుర్చీ, అన్నీ నీళ్లతోపాటే పైకి లేచి, ఒక్కటి ఒరగకుండా, ఒక్కటి చెదరకుండా ఎక్కడివక్కడ ఉన్నాయి.

జీవితంలో ఆయన ఎన్ని తలుపులు చూశాడు, ఎన్ని తోపుళ్లు చూశాడు. ఇది దేన్నీ తొయ్యకుండా వచ్చింది. ఏ వస్తువునూ ఎత్తుకుపోకుండా, అన్నిటినీ ఎత్తి నిలబెట్టింది. ఆయనకు చేతులు జోడించాలనిపించింది. ఎవరికి జోడించాలో తెలియక వదిలేశాడు.

"నాన్నా, చూడు" అన్న మాట వినపడింది.

పిట్ట ఒడ్డుకు దగ్గరగా వచ్చిన చెక్క వేదిక అంచున కూర్చుని ఉంది. ఎక్కడికీ వెళ్లలేదు. "నాకు మెలకువ వచ్చేసరికి ఇంకా పెరుగుతోంది. నేను చూస్తుండగా ఆఖరి మెట్టు మునిగిపోయింది నాన్నా. చప్పుడే లేదు" అంది పిట్ట. నెలరోజుల్లో అది ఆయనతో ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే. కళ్లు ఇంతింత చేసుకుని చెబుతోంది.

ఆయన దాని పక్కకు వెళ్లి చూశాడు. తెడ్ల పడవలన్నీ పొడుగు తాళ్లమీద హాయిగా తేలుతున్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని ముక్కు నీళ్లలోకి దిగిపోయి, తోక ఆకాశంలోకి లేచి, కడుపునిండా నీళ్లతో తలకిందులు కాబోతూ నిలబడి ఉంది. గొలుసు ఎక్కడిదక్కడే ఉంది. తాళం భేషుగ్గా పనిచేసింది.

"అది మన పడవ" అంది పిట్ట. "ఎవరో తాళం వేశారు."

ఎవరో ఏమిటి? లోకంలో ఆ పని చేసే మనిషి ఒక్కడే ఉన్నాడని దానికీ తెలుసు. తాళాలాయన నీళ్లు నమిలాడు. తరవాత, "నేనే వేశాను. నువ్వు చెప్పకుండా వెళ్లిపోతావని భయమేసింది" అన్నాడు.

పిట్ట ముఖం పక్కకు తిప్పుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఈలోగా అక్క వచ్చింది. ఆవిడ వెనకే భార్య, అత్తగారు పరుగున వచ్చారు. అక్క పడవను చూసి, ఆయన్ని చూసి, నెత్తి కొట్టుకుంది. "పైన కొండల్లో వానలు పడితే ఎగువ ఆనకట్టవాళ్లు రాత్రికి నీళ్లు వదులుతారు. అందుకేగా పొడుగ్గా ఉంచమన్నది" అంది. పెద్ద కత్తెరలాంటి కటింగు ప్లేయరు తెచ్చి, చిన్న పడవలో వెళ్లి, వంగి నీళ్లలోకి చెయ్యి పెట్టి చూసింది. అందలేదు. "అందినా ఇది తెగేట్టు లేదు. గొలుసు మంచిదే తెచ్చావయ్యా" అంది. తన సరుకుని ఎవరైనా మెచ్చుకున్నందుకు తాళాలాయన సిగ్గుతో చచ్చిపోవడం అదే మొదలు.

"ఇంకా పెరుగుతోంది. ఇలాగే ఉంటే ముందు చెక్క ఊడొస్తుంది. నీళ్లలోకి దిగి తాళం తీయాలి. నా చెవులు పాడయ్యాయి, నేను మునగలేను" అంది అక్క.

"నేను దిగుతా" అన్నాడు తాళాలాయన.

"మీకు ఈత రాదు కదండీ" అంది భార్య.

పిట్ట లేచి నిలబడింది. అడగలేదు, చెయ్యి చాపింది. "తాళంచెవి ఇవ్వు నాన్నా."

వద్దు అన్న మాట ఆయన నాలుక చివరదాకా వచ్చింది. ఏళ్లుగా అక్కడే కాపురముంటున్న మాట అది. అక్కవైపు చూశాడు. "పిల్ల నిలువుకి కొంచెం ఎక్కువ, అంతే. నేను పక్కనే ఉంటా, నడుముకి తాడు కడదాం. దాని ఈత నిన్న చూశాను" అంది అక్క. భార్యవైపు చూశాడు. ఆవిడ పెదాలు బిగబట్టుకుని, మీరే చెప్పండి అన్నట్టు ఊరుకుంది. పోతే పోయింది పడవ, డబ్బు కట్టేద్దాం అని అనేయొచ్చు. అలా అంటే పిల్ల చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఇంకెప్పుడూ చాపదు. అది ఆయనకు నీళ్లంత తేటగా తెలిసింది.

జేబులోంచి తాళంచెవి తీసి దాని అరచేతిలో పెట్టాడు. "ఉండు, నేర్పిస్తాను" అన్నాడు.

పెట్టెలోంచి అలాంటిదే ఇంకో తాళం తెప్పించి దానికిచ్చాడు. "కళ్లు మూసుకో. నీళ్లలో కళ్లు పనిచేయవు. బొటనవేలితో అడుగు తడుము. బుల్లి రేకు మూత ఉంటుంది, పక్కకి జరుపు. చెవికి పళ్లున్న వైపు నీవైపుకి పెట్టుకో. తోయకు తల్లీ, దానంతటదే దిగుతుంది. దిగింది చూశావా? ఇప్పుడు సగం తిప్పు." టిక్కుమని తాళం నోరు తెరిచింది. పిట్ట కళ్లు మూసుకునే నవ్వింది. మళ్లీ వేసి మళ్లీ తీసింది. కూతురి వేళ్లు తన వేళ్లలాగే ఉన్నాయని ఆయన మొదటిసారి చూశాడు.

అక్క తాడు ఒక కొస పిల్ల నడుముకి కట్టి, రెండో కొస ఆయన చేతిలో పెట్టింది. "బిగబట్టకు. అది పోయినకొద్దీ వదులుతూ ఉండు. గట్టిగా గుంజితేనే లాగు" అని ఆయనకీ, "ఊడగానే పక్కకి తోసుకో, పడవ పైకి లేస్తుంది" అని పిల్లకీ చెప్పింది.

పిట్ట ఊపిరి పీల్చి మునిగింది. నీళ్లు మూసుకుపోయాయి. అంతసేపూ చంటిదాని చెంపలా నున్నగా ఉన్న నీళ్లమీద ఒక్క సుడి తిరిగి ఆగిపోయింది. చేతిలో తాడు జారుతోంది. ఆయన వదులుతున్నాడు. అరచేతులకు పట్టుకోవడం తప్ప వదలడం ఎప్పుడు వచ్చు గనక?

తల పైకి వచ్చింది. "గొలుసు మెలిపడింది నాన్నా. తాళం తిరగబడి ఉంది. రేకు మూత పైకుంది" అంది రొప్పుతూ.

ఆయన కళ్లు మూసుకున్నాడు. నీళ్లకింద తాళాన్ని కూతురి వేళ్లతో తడిమి చూశాడు. "అయితే పళ్లు అవతలివైపుకి పెట్టు. ఎడమచేత్తో తాళం పట్టుకుని కుడిచేత్తో తిప్పు." ఒక్క క్షణం ఆగి, "మళ్లీ వెళ్లగలవా? వెళ్తావా?" అని అడిగాడు. ఒక పని చేస్తావా అని కూతుర్ని ఆయన అడగటం అదే మొదటిసారి.

పిట్ట ఆయనవైపు ఒకసారి చూసి తల ఊపి మునిగింది.

ఈసారి చాలాసేపు పట్టింది. తాడు జారి జారి ఆగింది. లాగెయ్యాలని భుజాలు రెండూ తహతహలాడాయి. పళ్లు బిగించి చేతులు వదులుగానే ఉంచాడు. అత్తగారి నోరు కూడా ఆగిపోయింది. కొండ వెనకనుంచి మొదటి వెలుగు నీళ్లమీద పడి, లోపల ఆకుపచ్చగా, లోతుగా, అంతులేకుండా కనిపించింది. ఆ అంతులేనిదానిలో ఎక్కడో తన పిల్ల వేళ్లు ఒక చిన్న మూతకోసం వెతుకుతున్నాయి.

పడవ ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది. తోక కిందికి పడింది. ముక్కు నీళ్లను చీల్చుకుంటూ పైకి లేచి, లేచి, మనిషెత్తు లేచి, రెండు పక్కలా జలజలా ధారలు కారుస్తూ ఎండలో మెరిసి, ధభాలున కూర్చుంది. పెద్ద అల వచ్చి వేదిక మీదున్నవాళ్లందరి మోకాళ్లూ తడిపింది. ఇవతలగా, తండ్రి చూపు వెతుకుతున్న చోటే, పిట్ట తల తేలింది. నోట్లో తాళంచెవి, చేతిలో తాళం.

అత్తగారు విజిల్ ఊదింది. క్యాంపులో ప్రతి గుడారంలోంచీ ఒక తల బయటికి వచ్చింది. తాళాలాయన వేదికమీద బోర్లా పడుకుని రెండు చేతులూ చాపి కూతుర్ని పైకి లాక్కుని, తడిసిన తల ఒళ్లో పెట్టుకుని, పిచ్చివాడిలా నవ్వుతూ ఏడ్చాడు. "నాన్నా, ఊపిరాడట్లేదు" అంటే గానీ వదల్లేదు.

ఆ తరవాత అందరూ కలిసి బకెట్లతో నీళ్లు తోడారు. ముందు చెక్కకి ఒక పగులు తప్ప పడవకేమీ కాలేదు. అది నీటికి పైనే ఉంది, ఇవాల్టికి ఫరవాలేదంది అక్క. భార్య పొడిబట్టలు తెస్తానని గుడారానికి వెళ్లింది. అత్తగారు చలికాచుకోవడానికి ఎండలోకి నడిచింది. గాలి లేదు. నీళ్లు పెరగడం ఆపి, నిండుగా, నిశ్చలంగా, ఆకాశాన్నంతా మోసుకుని నిలబడ్డాయి.

పిట్ట లైఫ్‌జాకెట్ తొడుక్కుని పడవలో కూర్చుంది. ఆయన తాడు విప్పి దాని కాళ్ల దగ్గరకు విసిరాడు. అది తెడ్లు ముంచింది. ఒడ్డువెంబడే కొంతదూరం వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. మునిగిన గడ్డిమీదుగా, మునిగిన మెట్లమీదుగా, నిన్న జనం నడిచిన నేలమీదుగా పడవ జారిపోతుంటే, ఇలాంటిదొకటి లోకంలో జరుగుతుందని తనకెవరూ ఎందుకు చెప్పలేదా అనుకుంటూ చూశాడు ఆయన. అలా చూస్తుండగా పడవ నీళ్ల నడిమికి చేరింది. అక్కడ ఆగింది. కొండముందు అది ఎంత చిన్నదిగా ఉందంటే, తెడ్లు గడ్డిపోచల్లా కనిపిస్తున్నాయి. పిట్ట లేచి నిలబడకుండా వెనక్కి తిరిగి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని కేకేసింది.

"నాన్నా, ఆ కొండ తిరిగి అవతలికి వెళ్లనా?"

నీళ్లమీద ప్రతి అక్షరం చెక్కుచెదరకుండా వచ్చి చేరింది. కొండ తిరిగితే కనిపించదు. ఎంతదూరం వెళ్తావు, ఎప్పుడొస్తావు, అవతల ఏముంది, వంద ప్రశ్నలు ఆయన గొంతులో తోసుకున్నాయి. వాటన్నిటినీ మింగి, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలంతా పెట్టి అరిచాడు.

"వెళ్లు."

తెడ్లు మెరిశాయి. పడవ కొండనీడలోకి వెళ్లింది, సన్నబడింది, రాతిఅంచు దాటి మాయమైంది. దాని గీత నీళ్లమీద విచ్చుకుంటూ వచ్చి ఆయన పాదాల దగ్గర ఆగింది. ఎదురుగా ఇంతటి సరస్సు, ఒక్క మనిషి లేకుండా.

భార్య పొడిబట్టలు, తువ్వాలు పట్టుకుని వచ్చింది. అటూ ఇటూ చూసింది. "పిల్లేదండీ?"

"కొండ అవతలికి వెళ్లింది."

"ఒక్కతేనా?" ఆవిడ చేతిలో తువ్వాలు జారిపోయింది. "చెప్పకుండానా?"

తాళాలాయన కళ్లు తుడుచుకున్నాడు, నీళ్లమీదనుంచి చూపు తిప్పకుండా.

"నన్ను అడిగే వెళ్లింది" అన్నాడు.